రైన్‌బెక్ ఉన్ని పండక్కి ఒక్కదాన్నే వెళ్తున్నా, ఇక్కణ్ణుంచి ఎవరైనా వస్తున్నారా?

ఐదోపుల్ల · సెప్టెంబర్ 6, రాత్రి 10:15

అందరికీ నమస్తే. మూడేళ్లుగా ఇక్కడ మీ స్వెట్టర్ల ఫొటోలు చూసి కుళ్లుకోవడమే గానీ నేను రాసింది తక్కువ. ఈసారి అక్టోబర్ 18, 19 తేదీల్లో రైన్‌బెక్ వెళ్దామని టికెట్ కొనేశాను. న్యూయార్క్ స్టేట్ షీప్ అండ్ వుల్ ఫెస్టివల్ అని పూర్తి పేరు గానీ అల్లేవాళ్లెవరూ అంత పొడుగ్గా పిలవరు కదా, ఊరి పేరుతోనే సరిపెడతారు. మాది న్యూజెర్సీలో ఎడిసన్. మా ఆయన "దారం కొనడానికి రెండు గంటల డ్రైవింగా, ఆన్‌లైన్‌లో దొరకదా" అన్నారు. పిల్లలు రామన్నారు. 20న దీపావళి కాబట్టి నాకు తెలిసినవాళ్లంతా ఆ శనివారం అసోసియేషన్ ఫంక్షన్‌లో ఉంటారు, అయినా వాళ్లలో పుల్లలు పట్టేవాళ్లు ఒక్కరూ లేరు.

నా టెన్షన్ దారి గురించి కాదు. అంత జనంలో ఎవరితోనూ మాట కలపకుండా ఒక మూల నిలబడి డోనట్ తినేసి ఇంటికొచ్చేస్తానేమోనని. ఇంకోటి, అక్కడికి కొత్త స్వెట్టర్ అల్లుకుని వేసుకెళ్లాలట కదా. నాది మెడ దగ్గర మొదలై చంకల దాకా వచ్చింది. ఒళ్లు, రెండు చేతులు మిగిలాయి. ఆరు వారాలు సరిపోతాయా?

చలిమంట · సెప్టెంబర్ 7, ఉదయం 6:50

సరిపోవు. ఎవరికీ సరిపోవు. కార్లో కూర్చుని చేతులు అల్లుకుంటూ వచ్చేవాళ్లని, పార్కింగ్‌లో దారం కొసలు దాచుకునేవాళ్లని ఏటా చూస్తున్నా, నువ్వు కంగారు పడకు. నేనుండేది పొకీప్సీ, 2012 నుంచి 2020 తప్ప ఒక్క ఏడూ మానలేదు (ఆ ఏడు కోవిడ్ వల్ల మైదానంలో జరగలేదు).

కారైతే శనివారం పొద్దున్నే, గేటు తెరిచే ముందే రా, పదిన్నర దాటితే ఊళ్లోకి వచ్చే రోడ్డు మీదే సగం పూట పోతుంది. రైలైతే న్యూయార్క్ నుంచి రైన్‌క్లిఫ్ స్టేషన్‌కి గంటా నలభై నిమిషాలు, హడ్సన్ నది పక్కనే దారంతా, ఎడమవైపు కూర్చో. కానీ స్టేషన్ నుంచి మైదానం కొన్ని మైళ్లుంటుంది, అప్పటికప్పుడు టాక్సీ దొరుకుతుందనుకోకు. చలి అని మందంగా అల్లుకుంటారు అందరూ, తీరా మధ్యాహ్నానికి ఎండ వచ్చి ఉడికిపోతారు. లోపల పల్చటి కాటన్‌ది వేసుకో. మైదానంలో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు, అన్ని వేల మంది ఒకేసారి ఫోన్లు తీస్తే ఏముంటుంది మరి.

మాట కలపడం సంగతి అంటావా, నీ ఒంటి మీద స్వెట్టర్ ఉంటే చాలు. "ఇది ఏ డిజైన్, ఏ దారం" అని వాళ్లే ఆపుతారు. పేరు అడగరు, ఊరు అడగరు, ముందు చెయ్యి పట్టుకుని కుట్లు చూస్తారు.

నెల్లూరు_పొట్టేలు · సెప్టెంబర్ 7, ఉదయం 9:22

నేను అల్లను. అల్లే ఆవిడకి మొగుణ్ణి. నాలుగుసార్లు వెళ్లాను సంచులు మొయ్యడానికి. ఆపిల్ సైడర్ డోనట్ల లైన్లో మనకి పని. వేయించిన ఆర్టిచోక్‌లు కూడా బాగుంటాయి, కొంచెం మన బజ్జీ లైన్లో ఉంటాయి గానీ కారం ఉండదు, జేబులో కారప్పొడి పొట్లం పెట్టుకెళ్లండి. లామాలు ఎగిరి దూకే పోటీ ఒకటుంది, అది చూడకపోతే డబ్బులు దండగే.

హెచ్చరిక: మా ఆవిడ మొదటిసారి వెళ్లినప్పుడు "ఎంత చవక" అంటూ ఒక గొర్రె బొచ్చు మొత్తం, కడగనిది, ఆరు పౌండ్లు కొనుక్కొచ్చింది. ఇంటికొచ్చి బాత్‌టబ్‌లో వేడినీళ్లు పోసి బట్టలు ఉతికినట్టు ఉతికింది. అంతే, ఉన్ని అంతా ఒకటే చాప అయిపోయింది, తలుపు ముందు పరుచుకోవచ్చు. జిడ్డు తూములో పేరుకుని నీళ్లు దిగడం మానేశాయి. అపార్ట్‌మెంటంతా గొర్రెల మంద వాసన, పక్కింటివాళ్లు మేం జీవాల్ని పెంచుతున్నామని అనుమానపడ్డారు.

చలిమంట · సెప్టెంబర్ 7, ఉదయం 9:40

😂 తమ్ముడూ, ఉతకకూడదు, నానబెట్టాలి. బాగా వేడినీళ్లలో సబ్బు వేసి ఉన్నిని మెల్లగా ముంచి వదిలెయ్యాలి, కెలకకూడదు, తర్వాత కడిగే నీళ్లు కూడా ఇంచుమించు అంతే వేడి ఉండాలి. వేడికి తోడు రాపిడి తగిలితే వెంట్రుక మీద పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఇక విడదీయలేం. జిడ్డు, మట్టి పోయాక బరువులో చాలా భాగం పోతుందని కూడా గుర్తుంచుకోండి. మెరీనో రకాల్లో సగం దాకా పోవచ్చు. "చవక" అనేది కడిగాక లెక్కేసుకోవాలి.

కొనకుండానే_వస్తా · సెప్టెంబర్ 9, రాత్రి 11:03

నేను కాస్త వేరే మాట చెప్తాను, తిట్టుకోకండి. రెండేళ్ల కిందట వెళ్లాను ఒక్కదాన్నే, ఇంత ఆశ పెట్టుకుని. అక్కడందరూ గుంపులు గుంపులుగా ఉన్నారు, ఒకే రంగు శాలువాలు, ఒకే రకం బ్యాడ్జీలు, ఎప్పట్నుంచో తెలిసినవాళ్లు వాటేసుకోవడాలు. అల్లేవాళ్లంతా కలుస్తారని చెప్పిన గడ్డి మిట్ట మీద అరగంట నిలబడ్డాను, ఎవరూ పలకరించలేదు. ఒక స్టాల్లో దారం చిలప ముట్టుకుంటే అక్కడున్నావిడ "అది చేత్తో రంగు వేసింది, ఖరీదెక్కువ" అంది, నేను అడగకుండానే. పక్కనున్న తెల్లావిడ అదే పట్టుకుంటే ఏమీ అనలేదు. ఇది పండగా, సంతా? నాకైతే సంతలాగే అనిపించింది, అదీ డబ్బున్నవాళ్ల సంత. ఐదోపుల్ల గారూ, మిమ్మల్ని వద్దనడం లేదు. మరీ ఎక్కువ ఊహించుకోకండి అంటున్నా.

చలిమంట · సెప్టెంబర్ 10, ఉదయం 7:15

నీకలా జరిగిందంటే జరగలేదని నేనెందుకు అంటాను. నాకూ మొదటి రెండేళ్లు అలాంటివి తగిలాయి. సంతా అంటే సంతే, ఒప్పుకుంటా. ఆ చుట్టుపక్కల నలభై యాభై గొర్రెలు పెట్టుకున్న రైతుకి ఉన్ని టోకున అమ్మితే కత్తిరింపు కూలి కూడా రాదు. ఇక్కడికి తెచ్చి వడికేవాళ్లకి నేరుగా ఇస్తే పౌండుకి 15, 20, ఒక్కోసారి 25 డాలర్లు వస్తాయి. ఆ తేడా కోసమే వాళ్లు వచ్చేది.

కానీ నువ్వు నిలబడ్డ చోటు తప్పు, ఏమీ అనుకోకు. మిట్ట మీదకి వచ్చేది ముందే తెలిసినవాళ్లని కలవడానికి. కొత్తవాళ్లు గొర్రెల కొట్టాల్లోకి వెళ్లాలి. లేకపోతే ఉన్ని నుంచి శాలువా దాకా పోటీ జరిగే చోట కూర్చోవాలి, జట్టులో కొందరు రాట్నాల మీద వడుకుతుంటే ఒకరు మగ్గం మీద నేస్తారు, గంటల్లో శాలువా తయారైపోతుంది. అక్కడ కూర్చున్నవాళ్ల చేతుల్లో కూడా ఏదో ఒక అల్లిక ఉంటుంది. నువ్వూ మేజోడో ఏదో తీసుకుని పక్కన కూర్చో, పది నిమిషాల్లో మాటలు వాటంతటవే వస్తాయి. చేతులు ఖాళీగా ఉన్న మనిషి కొనడానికి వచ్చినట్టే కనబడుతుంది వాళ్లకి.

గొంగడిపోరడు · సెప్టెంబర్ 12, రాత్రి 8:30

మొగోళ్లు రావచ్చా ఇక్కడికి? పొట్టేలన్న ఉన్నాడు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్న. మాది సిద్దిపేట దగ్గర, కురుమలం. ఇప్పుడు ఆల్బనీలో ఉంటున్న, రైన్‌బెక్ గంట దూరం. నాకు అల్లికలు రావు. కానీ పౌండు ఉన్ని 20 డాలర్లు అని చదివి మా బాపుకి ఫోన్ చేసి చెప్తే ఆయన నవ్వుడు ఆపలేదు. మా దిక్కు దక్కని గొర్లకి ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు, కత్తిరించినోళ్లకి మనమే కూలిచ్చి ఆ బొచ్చు చెలకల గట్టు మీద పారేసే రోజులొచ్చినయి. మా తాత ఉన్నప్పుడు అదే బొచ్చు ఇంట్లో ఆడోళ్లు వడికేది, గుంట మగ్గం మీద గొంగడి నేసేది, చింతగింజల గంజి పట్టించేది. ఆ గంజితోనే గొంగడి అట్లా బిర్రుగా నిలబడేది, వాన పడితే కొప్పెర (తల మీది నుంచి ముసుగు) వేసుకుంటే నీళ్లు జారిపోయేవి.

ఇప్పుడు మందలో నల్ల దక్కని గొర్రె తక్కువైంది, ఎర్ర నెల్లూరు రకంతో కలిసిపోయింది. నెల్లూరు దానికి ఎత్తుంటది, మాంసముంటది, ఉన్ని ఉండదు. 2017ల సర్కారు 20 గొర్లు, ఒక పొట్టేలు లెక్కన ఇచ్చినప్పుడు కూడా మా ఊరికొచ్చినవన్నీ ఉన్ని లేనివే.

నెల్లూరు_పొట్టేలు · సెప్టెంబర్ 12, రాత్రి 8:41

తమ్ముడూ, తప్పంతా మా నెల్లూరు మీదకి తోస్తే ఎలా. మీరు అడిగారు, మేము పంపించాం 😀 ఆ పథకంలో ఎవరు తిన్నారో అది చెప్పు ముందు.

నిర్వాహకులు · సెప్టెంబర్ 12, రాత్రి 9:05

గొర్రెల పథకం మీద వచ్చిన పదకొండు పోస్టులు వేరే చోటికి మార్చాం. ఇక్కడ రైన్‌బెక్ గురించే మాట్లాడుకుందాం.

ఖేడ్_కోడలు · సెప్టెంబర్ 13, ఉదయం 8:12

గొంగడిపోరడు గారూ, మీ మాట చదివి రాయక తప్పలేదు. మా అత్తమ్మ నారాయణఖేడ్ దిక్కు నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్నది, డిసెంబర్ దాకా. పుట్టింట్లో రెండొందల గొర్లు. ఇక్కడ ఆమెకి పొద్దు పోదు. బతుకమ్మకి తప్ప ఇల్లు కదిలే పని లేదు. ఈ గొర్ల పండుగ సంగతి చెప్తే "గొర్లని చూస్తందుకు టికెట్టా" అని గంటసేపు గొణిగింది గానీ వస్తనన్నది. మేము కనెక్టికట్ నుంచి వస్తాం. మోకాళ్ల నొప్పులు, నడవగలదా అక్కడ?

చలిమంట · సెప్టెంబర్ 13, ఉదయం 8:30

నడక ఎక్కువే, కానీ బెంచీలుంటాయి. ముందు కొట్టాల్లోకి తీసుకెళ్లు, స్టాళ్లు తర్వాత. అందరం ఒకచోట కలుద్దామా? మధ్యాహ్నం ఒంటి గంటకి, శాలువా పోటీ జరిగే చోట. సిగ్నల్ ఉండదు కాబట్టి గుర్తేదైనా పెట్టుకోవాలి. బంతిపూల రంగు టోపీ అంటే అక్టోబర్‌లో అందరూ అదే రంగు వేసుకుంటారు.

గొంగడిపోరడు · సెప్టెంబర్ 13, సాయంత్రం 6:02

నా దగ్గర మా తాత గొంగడి ఉంది. నల్లది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు అమ్మ సూట్‌కేసులో పెట్టింది, ఇక్కడ ఒక్కసారీ బయటికి తియ్యలే. భుజానేసుకుని నిలబడతా. అసుంటిది ఇంకొకటి ఉండదు కదా అక్కడ.

కొనకుండానే_వస్తా · సెప్టెంబర్ 14, రాత్రి 12:20

నేనూ వస్తాను. గొంగడి చూడ్డానికి మాత్రమే.

ఐదోపుల్ల · అక్టోబర్ 15, రాత్రి 11:48

ఒళ్లు అయింది. ఎడమ చెయ్యి అయింది. కుడి చెయ్యి మోచేతి దాకా. ఇంట్లో దీపావళి పిండివంటలు ఒక్కటీ మొదలుపెట్టలేదు, అడగొద్దు.

నెల్లూరు_పొట్టేలు · అక్టోబర్ 18, రాత్రి 9:10

ఒంటి గంట మీటింగుకి ఒంటి గంటకి వచ్చింది నేను, గొంగడి తమ్ముడు మాత్రమే అని సభకి మనవి. తమ్ముణ్ణి కనుక్కోవడం కష్టం కాలేదు, చుట్టూ పన్నెండు మంది ముసలమ్మలున్నారు.

గొంగడిపోరడు · అక్టోబర్ 18, రాత్రి 10:35

అన్న చెప్పింది నిజమే. గేటు దాటి యాభై అడుగులు వెయ్యలే, ఒకామె ఆపి "ముట్టుకోవచ్చా" అన్నది. తర్వాత లెక్కలేదు. అక్కడ అందరి చేతుల్లో మెత్తటి మెరీనో, మేఘాల్లాంటి దారాలు, నాదేమో ఒంటికి తగిలితే గుచ్చుకునే ముతక గొంగడి. నేను సిగ్గుపడుతుంటే ఆళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నారు! ఒకాయన, మగ్గం నేసేటాయన, అంచు దగ్గర కూర్చుని పోగులు లెక్కపెట్టిండు. గంజి దేంతో పెట్టారని అడిగిండు. చింతగింజలన్న. ఎట్ల చేస్తారు, వేయించి విసురుతారా, నానబెడతారా అన్నడు. నాకు తెలియదు. తాత బతికున్నప్పుడు నేను క్రికెట్ ఆడుకుంటున్న. మెయిల్ ఐడీ తీసుకుని మా బాపుని అడిగి రాస్తనని చెప్పిన.

మా కొమురవెల్లి మల్లన్న జాతరల కూడా ఇట్లనే ఉంటది, ఎవని భుజాన గొంగడి చూసి ఆడు ఏ ఊరి మందోడో అడుగుతారు. పెద్దగట్టుల కూడా అంతే. ఇక్కడ అట్లా అడుగుతారని అనుకోలే.

ఖేడ్_కోడలు · అక్టోబర్ 19, ఉదయం 7:44

మేము ఒంటి గంటకి ఎందుకు రాలేదో చెప్తాను. అత్తమ్మ కొట్టాల్లోంచి కదలలేదు!

స్టాళ్ల ముందు ఒక్క నిమిషం నిలబడి, 32 డాలర్ల దారం చిలప చూసి "పిచ్చి లేసిందా వీళ్లకు" అని నడిచిపోయింది. కొట్టంలో రామ్నీ గొర్రెల దగ్గర ఆగింది. కంచెకి అవతల ఓ పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, టోపీ పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. అత్తమ్మ సీదా చెయ్యి లోపల పెట్టి ఒక గొర్రె దవడ పట్టుకుని పెదవి ఎత్తి పళ్లు చూసింది. నాకు గుండె ఆగినంత పనైంది, ఏమంటాడో అని. అత్తమ్మ ఆయన వైపు తిరిగి నాలుగు వేళ్లు చూపించి "నాలుగు పండ్లది" అన్నది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆయనా నాలుగు వేళ్లు చూపించి, ఇంగ్లీషులో అదే మాట అన్నాడు! వాళ్లు కూడా గొర్రె వయసు అట్లాగే చెప్తారట, రెండు పళ్లది, నాలుగు పళ్లది, ఎనిమిదొస్తే నోరు నిండింది. నాకు ఇన్నేళ్లుగా తెలియదు.

ఆ తర్వాత నేను ఎందుకూ పనికిరాలేదు. మొదట్లో రెండు మాటలు మార్చి చెప్పాను, తర్వాత వాళ్లకి అవసరం పడలేదు. ఆయన గేటు తీసి లోపలికి రమ్మన్నాడు. గిట్టలు చూపించాడు, ఈమె ఒకదాని గిట్ట ఎక్కువ పెరిగిందని వేలుతో కొలిచి తల అడ్డంగా ఊపింది, ఆయన తప్పు ఒప్పుకున్నట్టు చేతులెత్తాడు. గంటన్నర. ఎవరో రాట్నం ముందు కూర్చోమని పిలిస్తే మాత్రం "నాకు చాతకాదు, మా అత్త వడికేది" అని ముఖం తిప్పుకుంది. ఫొటో కోసం కూర్చోమన్నా కూర్చోలేదు.

చలిమంట · అక్టోబర్ 19, ఉదయం 8:05

ఆ అత్తమ్మని చూడకుండా నేనెక్కడ చచ్చాను. (ఫ్లీసులు, అంటే కత్తిరించిన గొర్రె బొచ్చులు అమ్మే చోట. ఒక బోర్డర్ లెస్టర్ రకం గొర్రె ఫ్లీస్ కుచ్చు తీసి, రెండు కొసలు పట్టుకుని చెవి దగ్గర లాగి చూశా, తీగ మీటినట్టు మోగింది, వదలబుద్ధి కాలేదు. చిటపటమంటే వెంట్రుక మధ్యలో తెగుతుందని అర్థం, ముందు పట్టుకున్నది అలాగే అంది.) ఐదోపుల్ల ఏదీ? ఇంటికి చేరావా తల్లీ?

ఐదోపుల్ల · అక్టోబర్ 21, రాత్రి 10:20

చేరాను అక్కా, దీపావళి హడావుడిలో రాయలేదు. నేనూ మీటింగుకి రాలేదు, సారీ. కారణం కుడి చెయ్యి.

వెళ్లేసరికి మోచేతి కింద నాలుగంగుళాలే అల్లగలిగాను, మిగతా కుట్లన్నీ ఒక తెల్ల దారానికి ఎక్కించి అలాగే వేసుకెళ్లాను. ఆ పక్క చెయ్యి కోటు జేబులో దాచుకుని నడుస్తున్నా. కాఫీ తీసుకోవడానికి బయటికి తీశానంతే, వెనకాల నిలబడ్డావిడ "అయ్యో" అంది. వెర్మాంట్ నుంచి వచ్చిందట. ఆవిడ సంచిలోంచి పుల్లలు తీసింది. పక్కనే బెంచీ మీద కూర్చోబెట్టి, నేను స్వెట్టర్ వేసుకునే ఉన్నాను, నా మణికట్టు ఆవిడ ఒళ్లో పెట్టుకుని కుట్లు ఎక్కించింది. నేనో చేత్తో రెండు కాఫీలు పట్టుకున్నాను. మిగిలిన దారం నా సంచిలో ఉంది కాబట్టి సరిపోయింది. పొడుగు కాస్త తగ్గించి అంచు ఆవిడే అల్లేసింది, గంటంబావు పట్టింది. ఈలోగా ఆవిడ ముగ్గురు స్నేహితులొచ్చి చుట్టూ కూర్చున్నారు. ఇరవై ఏళ్లుగా నలుగురూ కలిసి ఇల్లు అద్దెకి తీసుకుని వస్తున్నారట. ఒకావిడ ఏం ఉద్యోగం చేస్తుందని నేను మర్యాదకి అడిగితే మిగతా ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లకీ తెలియదు! "తనకి ఊదా రంగంటే పడదు, అది తెలుసు" అంది ఒకావిడ.

నా పేరు చివరిదాకా అడగలేదు. నేనూ అడగలేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

కుడి మణికట్టు దగ్గర అల్లిక బిగువు వేరేగా ఉంది, ఆవిడ చెయ్యి నాకంటే బిర్రు. ఆ పక్క కొంచెం పట్టేసినట్టుంటుంది. మా ఆయన చూసి "విప్పి మళ్లీ అల్లుకోవచ్చుగా" అన్నారు. విప్పను.

కొనకుండానే_వస్తా · అక్టోబర్ 21, రాత్రి 11:15

నేను ఒంటిగంటా పదికి వచ్చాను, గొంగడి చూశాను, పొట్టేలు గారి కారప్పొడితో ఆర్టిచోక్ తిన్నాను. మేజోడు తీసుకెళ్లి పోటీ దగ్గర కూర్చుంటే పక్కావిడ మడమ తిప్పడం తప్పని చెప్పి విప్పించింది. పొగరు మనిషి. కానీ ఆవిడ చెప్పిందే కరెక్టు. మిట్ట మీదకి ఈసారి వెళ్లలేదు. ఆ స్టాలు వైపు కూడా వెళ్లలేదు. రెండు చిలపలు కొన్నాను, పేరు మార్చుకోవాలేమో.

గొంగడిపోరడు · అక్టోబర్ 23, సాయంత్రం 7:00

బాపు చెప్పింది మగ్గం ఆయనకి మెయిల్ చేసిన. బాపుకి కూడా సగమే గుర్తుంది, మిగతాది ఊళ్లో ఉన్న ఒక పెద్దమనిషి దగ్గరికి పోయి అడిగి రికార్డు చేసి పంపిండు, పదకొండు నిమిషాలు. తర్జుమా చేస్తున్న. "పొట్టు" కి ఇంగ్లీషుల ఏమంటారు ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.

ఖేడ్_కోడలు · అక్టోబర్ 26, ఉదయం 9:31

ఒక సాయం. అత్తమ్మ నిన్నటి నుంచి సకినాలు చేస్తున్నది. సగం డబ్బా ఆ రామ్నీ గొర్రెల ఆయనకి పంపాలట, "గిట్టలు కోసిండో లేదో కూడా అడుగు" అంటున్నది. నేను ఆయన ఫారం పేరు రాసుకోలేదు. ఆ కొట్టం ఎవరికైనా గుర్తుందా? గేటు నుంచి ఎడమవైపు అనుకుంటా.

నెల్లూరు_పొట్టేలు · అక్టోబర్ 26, ఉదయం 9:38

మా ఆవిడ అక్కడ ఫొటోలు తీసింది. ఒకదాంట్లో గొర్రె వెనకాల బోర్డు సగం కనబడుతోంది, మిగతా సగం గొర్రె తల అడ్డం. ఇంకో ఫొటోలో అది తల తిప్పిందేమో వెతుకుతున్నా, ఆగండి.